బస్సుకు పట్టిన సీటు

హోసూరు బస్టాండులో బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే కిటికీల్లోంచి టవళ్ళు లోపలికి పడ్డాయి. ఒక ఎర్రది, రెండు పచ్చవి, వాటి వెనకే ఒక కొత్తిమీర సంచి. గుర్రప్ప విజిల్‌ని పళ్ళ మధ్య పెట్టుకుని, వాటిని ఒక్కొక్కటే సీట్ల మీది నుంచి తీసి, దులిపి, మడిచి చేతి మీద వేసుకుంటూ ముందుకు వచ్చాడు.

"ఈ టవలుకు టికెట్ ఎవురు తీసినారప్పా?"

ఎర్రదాన్ని పైకెత్తి అందరికీ చూపించాడు.

"తీయలేదు కదా. అయితే దీన్ని నిలబడి రమ్మందాం," అని దాన్ని పైకమ్మీకి తగిలించాడు. జనం నవ్వారు. ఖాళీ అయిన సీట్లో ఒక బాలింతను కూర్చోబెట్టి, ఆమె సంచిని కాళ్ళ దగ్గర సర్ది, గుర్రప్ప రెండుసార్లు విజిల్ ఊదాడు. దేవేంద్ర గేరు వేశాడు.

డ్రైవరు సీట్లో కూర్చున్నవాడికి కండక్టరు కనిపించేదంతా అద్దంలోనే. ఇన్నేళ్ళుగా గుర్రప్పను దేవేంద్ర అలాగే చూశాడు. సన్నగా, పొడుగ్గా, కమ్మీకి తల తగులుతుందని కాస్త వంగి నడిచే మనిషి. చెవుల మీద తెల్లటి వెంట్రుకలు. తోలుసంచి పట్టీ రాసుకుని రాసుకుని ఖాకీ చొక్కా భుజం దగ్గర నల్లటి చార కట్టింది. మెడ చుట్టూ ఎర్ర గళ్ళ టవలు. సీట్ల మీద టవళ్ళంటే పడని మనిషికి తన మెడలో టవలు లేకపోతే పొద్దు పోదు. టికెట్లు అరవంలో కొడతాడు, తగువులు కన్నడంలో తీరుస్తాడు, ఓదార్చాల్సి వచ్చినప్పుడు మాత్రం తెలుగులోకి దిగుతాడు. వచ్చే ఎండాకాలానికి రిటైర్మెంటు.

మత్తిగిరిలో రాత్రి షిఫ్టు ముగించుకున్న ఫ్యాక్టరీ కుర్రాళ్ళు ఎక్కారు. తళి దాటాక వాళ్ళంతా దిగిపోయి, బస్సులో రైతులు, బుట్టలు, మంచు మాత్రం మిగిలాయి. గుర్రప్ప తోలుసంచి పక్కన ఎప్పుడూ ఇంకో గుడ్డసంచి ఉండేది. అందులో ఒకరికి చక్కెర జబ్బు మాత్రలు, ఒకరికి బాగుచేయించిన కళ్ళజోడు, ఒకరికి మోటారు బేరింగు. ఎవరిదీ ఎవరికీ తారుమారయ్యేది కాదు. జవళగిరి దాటి, దారి చీలేచోట ఊళ్ళ పేర్లు చూపే కైకాటి బోర్డు దగ్గర బస్సు ఆగగానే ఆ సంచి ఖాళీ అయ్యేది. అక్కడి నుంచి ఎడమకు తిరిగితే చింతలదొడ్డి. బస్సు మాత్రం తిరిగేది కాదు.

దారి లేక కాదు. దారి ఉంది, ఇరుకైనా ఈమధ్యనే తారు వేశారు. ఊరి చివర బస్సు మళ్ళడానికి చోటు లేదు. ఒక పక్క ఇళ్ళు, ఒక పక్క వంక, లోతైన వాగు. ఉన్న ఒక్క మూలా నంజమ్మ రాగిచేను మూల. అందుకని కైకాటి దగ్గర దిగినవాళ్ళు అడివి అంచునే నడిచి పోవాలి. రాగులు కంకి పట్టే రోజుల్లో ఆ దారిన ఏనుగులు కూడా నడుస్తాయి. పెద్దవాళ్ళు కేకలేసుకుంటూ పోయేవాళ్ళు. చాలామంది ఆడపిల్లల చదువు మాత్రం ఊళ్ళోని చిన్నబడితోనే ఆగిపోయేది.

సాయంత్రం ట్రిప్పులో మసకపడితే గుర్రప్ప బస్సు ఆపించి, తళి బడినుంచి వచ్చే ఒకరిద్దరు పిల్లల వెంట తానే గుట్ట మలుపు దాకా నడిచేవాడు. వాళ్ళు ఊళ్ళో దీపాలు కనిపించేచోటికి చేరాక తిరిగొచ్చేవాడు. అంతసేపూ దేవేంద్ర ఇంజను ఆపకుండా కూర్చుని, స్టీరింగు మీద వేళ్ళు కొట్టుకుంటూ, లోలోపల తిట్టుకునేవాడు. కూర్చున్న జనమూ మొదట్లో గొణిగారు. తర్వాత వాళ్ళే, "గుర్రప్ప రానీలే," అని కిటికీ అద్దాలు మూసుకుని కునుకు తీయడం నేర్చుకున్నారు.

వారపు సెలవు గుర్రప్ప సోమవారమే తీసుకునేవాడు. సోమవారం కృష్ణగిరి కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఉతికిన చొక్కా వేసుకుని, తన జేబులోంచే టికెట్ కొని, ప్రయాణికుడిలా వేరే బస్సెక్కి పోయేవాడు. చింతలదొడ్డికి బస్సు అని ఆయన అడుగుతూనే ఉన్నాడు, వాళ్ళు చూద్దామని చెబుతూనే ఉన్నారు.

"మీ ఊరేమైనానా అన్నా అది?" అని దేవేంద్ర ఒకసారి కసిరాడు.

"మా ఊరికి బస్సు ఉండాది కదప్పా," అన్నాడు గుర్రప్ప.

దేవేంద్రకు నచ్చలేదు. పుణ్యం గుర్రప్పకు, ఆ ఇరుకు దారిలో నడుము విరిగేది తనకు. పైకి అనకపోయినా ఆ సంగతి గుర్రప్పకు తెలుసు.

ఇంతకీ ఆ రోజు ప్రత్యేకత ఏమిటంటే, సాయంత్రం ట్రిప్పుకు తళిలో డిపో అధికారి అనంతకుమార్ బస్సెక్కాడు. బస్సు చింతలదొడ్డి దాకా పోయి, ప్రమాదం లేకుండా మళ్ళి రాగలదా అని తన కళ్ళతో చూస్తాడు. మళ్ళితే రూటు ఖాయం. మళ్ళకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తొద్దని పైనుంచి చెప్పి పంపారు. మళ్ళీ ఎత్తడానికి గుర్రప్ప సర్వీసులోనే ఉండడు.

నంజమ్మ చోటు ఇవ్వడానికి ఒప్పుకోవడమే ఒక పెద్ద కథ. ఆ ముసలామె బస్సులో ఎక్కితే ముందు ఆమె టవలు ఎక్కేది. గుర్రప్ప ప్రశ్నకు ఇన్నేళ్ళలో ఎదురుచెప్పింది ఆమె ఒక్కతే. ఆడవాళ్ళకు బస్సు ఉచితమైన కొత్తలో, "నాకే టికెట్టు లేదు, నా టవలుకు యాడిదప్పా?" అనేసింది. ఆ రోజు గుర్రప్ప ఓడిపోయి, టవల్ని సీట్లోనే ఉండనిచ్చాడు. ఆ సీటు ఆమె తన మనవరాలు మధుమితకే పట్టిందని తెలిశాక ఇద్దరికీ కుదిరింది. మధుమిత ఇప్పుడు తళి హైస్కూల్లో చదువుతోంది. ఈమధ్య ఒక సాయంత్రం గుర్రప్ప గుట్ట మలుపు దాకా కాకుండా ఇంటి గుమ్మం దాకా ఆ పిల్లను దించి వచ్చాడు. దారిలో ఏనుగు లద్దె ఇంకా పొగలు కక్కుతోందట. మరునాడు నంజమ్మ కైకాటి దగ్గరికి నడిచి వచ్చి, "ఆ మూల తీసుకోప్పా," అంది. అంతే.

బస్సు కైకాటి దగ్గర ఎడమకు తిరిగింది. చింతకొమ్మలు పైకప్పును గీశాయి. దేవేంద్ర స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, ముక్కు అద్దానికి ఆనించినంత పని చేశాడు. అద్దంలో చూస్తే గుర్రప్ప వెనక మెట్టు మీద నిలబడి ఉన్నాడు. టికెట్లు కొట్టడం కూడా మరిచిపోయాడు. ఊరు మొదట్లో పిల్లలు బస్సుకు ముందు పరిగెత్తారు. ఒకతను పలక డప్పు కొట్టాడు. చివరికి బస్సు వెళ్ళి ఆ మూల దగ్గర ఆగింది.

మూలలో చోటు లేదు. అక్కడ ఇంటెత్తు రాగిగడ్డి వామి ఉంది.

అనంతకుమార్ దిగి వామిని చూశాడు. గుర్రప్పను చూశాడు. "ఏమండీ ఇది?" అన్నాడు మెల్లగా.

గుర్రప్ప వామి దాకా నడిచాడు. మెడలోని టవలుతో మొహం తుడుచుకున్నాడు. దేవేంద్ర ఆయన్ను అలా ఎప్పుడూ చూడలేదు. ఎన్ని అర్జీలు తిరిగొచ్చినా వాడిపోని ఆ మొహం ఒక్క క్షణంలో ముసలిదైపోయింది. దేవేంద్ర ఇంజను ఆపేశాడు. అప్పటిదాకా ఆ బస్సు ఇక్కడ మళ్ళాలని తనకు కూడా ఇంత కోరిక ఉందని ఆయనకే తెలియదు.

"నంజమ్మక్కా, చోటు ఇస్తానంటివి కదా," అన్నాడు గుర్రప్ప.

"ఇచ్చినాను కదప్పా!" ముసలామె చేతులు నడుముకు పెట్టుకుని ముందుకు వచ్చింది. ఆమె మొహంలో తప్పు చేసిన జాడే లేదు, పైగా మెప్పు కోసం ఎదురుచూస్తోంది. "బస్సు వచ్చేదాకా ఎవురూ ఆక్రమించుకోకుండా చూసుకో అంటివే. పక్కింటోడు ట్రాక్టరు పెడతానని వచ్చినాడు. ఇంకొకడు పేడదిబ్బ వేస్తానన్నాడు. రాత్రీ పగలూ నేను ఈడ కాపలా ఉండేదానికి అవుతాదా? అందుకే వామి వేసి సీటు పట్టినాను. నీ బస్సుకేనప్పా!"

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. తర్వాత బస్సులోంచి ఎవరో పకపకా నవ్వారు. ఆ నవ్వు కిటికీల్లోంచి బయటికి పాకి, ఊళ్ళోవాళ్ళకు అంటుకుంది. గుర్రప్ప కూడా నవ్వాడు. కళ్ళల్లో నీళ్ళు తిరిగేలా నవ్వి, "టికెట్ తీయకుండా సీటు పట్టినావు కదక్కా. దీన్ని ఇప్పుడే లేపల్ల," అని చొక్కా చేతులు మడిచాడు.

వామిని నంజమ్మ ఇంటిముందు రచ్చబండ మీదికి మార్చాలి. చీకటి పడేలోపు మార్చాలి. గుర్రప్ప పైకెక్కి మొదటి మోపు కిందికి విసిరాడు. దాన్ని పట్టుకున్నది దేవేంద్ర. డ్రైవరు సీటు ఎప్పుడు దిగాడో ఆయనకే గుర్తులేదు. ఆయన వెనక ఇంకొకరు, ఇంకొకరి వెనక ఇంకొకరు. ఊరు మొత్తం, బస్సు మొత్తం వరసగా నిలబడింది. అనంతకుమార్ ఏ పనీ చేయాలనుకోలేదు. అడ్డంగా నిలబడ్డాడు కాబట్టి ఒక మోపు వచ్చి ఆయన చేతుల్లో పడింది. పక్కవాళ్ళు చేతులు చాచి ఎదురుచూస్తుంటే అందించక తప్పలేదు. ఒకసారి అందించాక రెండోది వచ్చింది. కాసేపటికి ఆయన కూడా, "ఊఁ, రానీ రానీ," అంటున్నాడు. ఇస్త్రీ చొక్కా నిండా రాగిగడ్డే.

వామి అడుగున నేల కనిపించింది. గట్టి నేల. దాని అంచున పశువును కట్టే గుంజ ఒకటి, ఆ వెనక నిలువుగా వంక.

దేవేంద్ర సీటెక్కాడు. రివర్సు గేరు వేశాడు. వెనక ఏముందో ఆయనకు కనిపించదు. గుర్రప్ప అరచెయ్యి బస్సు వీపు మీద పడే చప్పుడే దారి. చిన్నగా వరసగా కొడితే రావచ్చని, గట్టిగా రెండు కొడితే ఆగమని.

టప్ టప్ టప్ టప్.

"రా రా రా... ఇంకా రా దేవేంద్రా... భయపడొద్దప్పా, నేనుండాను..."

చక్రం కింద నేల కాస్త దిగినట్టయింది. అయినా దేవేంద్ర బ్రేకు మీద కాలు పెట్టలేదు. గుర్రప్ప ఆగమనేదాకా ఆయన ఏనాడూ ఆగలేదు, గుర్రప్ప ఆగమన్నాక ఏనాడూ కదలలేదు. ఇన్నేళ్ళ స్నేహంలో వాళ్ళు ఒకరికొకరు చెప్పుకున్నది అంతకన్నా ఎక్కువేమీ లేదు.

దబ్! దబ్!

ఆగింది. ఎడమ అద్దంలో గుర్రప్ప మెడలోని టవలు తీసి, ఆ గుంజ తలకు గట్టిగా ముడివేయడం కనిపించింది. "దీన్ని అద్దంలో చూసుకోప్పా. ఇది బస్సు వెనక నిచ్చెన కడ్డీ పక్కకు వస్తే ఆగు. ఇంక నేను లేకపోయినా తిప్పేయొచ్చు," అని అరిచాడు. తర్వాత ముందుకు పరిగెత్తుకొచ్చి మెట్టెక్కి, రెండు విజిళ్ళు ఊదాడు. అంత పొడుగు విజిల్ ఆయన సర్వీసులో ఎప్పుడూ ఊది ఉండడు.

బస్సు మళ్ళింది. ఊరు కేక పెట్టింది. నంజమ్మ బస్సు ముందు చక్రానికి నీళ్ళు చల్లి, పసుపు రాసి, ఆ చేత్తోనే గుర్రప్ప చెంప నిమిరింది. ఎక్కడికీ పోయే పని లేనివాళ్ళందరూ కైకాటి దాకా పోయి నడిచి వద్దామని బస్సెక్కేశారు. మధుమిత కిటికీ పక్కన కూర్చుని, తాను రోజూ నడిచే దారిని ఎవరిదో దారిలా చూసింది. అనంతకుమార్ జుట్టులోంచి గడ్డి తీసుకుంటూ, "వచ్చే వారంనుంచే వేసేద్దాం," అన్నాడు.

ఊరు దాటాక దేవేంద్రకు గుర్తొచ్చింది. "అన్నా, నీ టవలు మరిచిపోయినావు!"

"మరిచిపోలేదు. ఉండనీలే, సీటు పట్టినాను."

"టికెట్ తీసినావా అన్నా దానికి?"

అద్దంలో గుర్రప్ప తల అడ్డంగా ఊపుతూ నవ్వాడు. దేవేంద్రకు ఆ నవ్వు చూస్తే గర్వంగా అనిపించింది. ఆ ఇరుకు దారి తనదే అనిపించింది.

మామిళ్ళు పూతకొచ్చిన రోజుల్లో, ఒక సోమవారం, గుర్రప్ప కృష్ణగిరిలో పోయాడు. కైకాటి దగ్గర దీపం కావాలని అర్జీ ఇచ్చి వచ్చి, బస్టాండు బెంచీ మీద కూర్చున్నాడట. పక్కన కూర్చున్నవాళ్ళు నిద్రపోతున్నాడనుకున్నారు. హోసూరు బస్సు వచ్చినప్పుడు ఒకతను లేపబోయాడు.

మట్టి చేసిన మరునాడు కూడా ట్రిప్పు తప్పలేదు. తప్పితే ఆయనే ఒప్పుకోడని దేవేంద్ర డ్యూటీకి వచ్చాడు. కొత్త కండక్టరు కలైవాణి అరవం మాట్లాడే ఇంట్లో పుట్టి పెరిగిన పిల్ల, తెలుగు ఇప్పుడిప్పుడే నేర్చుకుంటోంది. చింతలదొడ్డిలో ఊరంతా దారి పక్కన నిలబడి ఉంది. డప్పు లేదు. బస్సు మూల దగ్గర ఆగగానే కలైవాణి దిగి వెనక్కి పరిగెత్తింది. వంక లోతు చూసి ఒక అడుగు వెనక్కి వేసింది.

"అన్నా, నాకు ఇది కొత్త. ఎంత దాకా రమ్మని చెప్పేది?"

"నువ్వు పక్కన నిలబడమ్మా, చాలు. ఎవురూ అడ్డం రాకుండా చూసుకో," అన్నాడు దేవేంద్ర.

కళ్ళు మసకబారితే మోచేత్తో తుడుచుకుని అద్దంలోకి చూశాడు. ఆ మూలలో బండి లేదు, దిబ్బ లేదు, ఒక్క గడ్డిపోచ లేదు. ట్రాక్టరు పెడతానన్న పక్కింటతను కూడా చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు. నంజమ్మ గుంజ దగ్గర నిలబడి ఉంది. టవల్ని పొద్దున్నే ఉతికి తెచ్చినట్టుంది, ముడి సరిచేసి పక్కకు జరిగింది.

దేవేంద్ర రివర్సు గేరు వేసి, చప్పుడు కోసం చెవులు రిక్కించకుండా, ధైర్యంగా వెనక్కి వచ్చాడు. ఇంకా వచ్చాడు. అద్దంలో కడ్డీ పక్కకు ఎర్ర గళ్ళ టవలు రాగానే ఆగాడు. అది గాలికి కొంచెం కదిలి, గుంజ మీదే ఉంది.