పరువూ బరువూ

"మా ఇంటిది ఒక్కర్తే ఎత్తుతాది మాయమ్మని. ఎవుల సాయమూ అక్కర్నేదు" అని పరదేశి రాయపూర్ స్టేషను బయట టీకొట్టు దగ్గర గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట రైల్వే క్వార్టర్లన్నీ తిరిగి వరహాలమ్మ చెవిన పడేది. మొదట్లో పొంగిపోయింది. రెండేళ్లు గడిచాక, ఆ మాట వింటే ఒళ్లు మండేది.

అత్త అప్పలనరసమ్మకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. భారీ మనిషి. మంచం మీంచి దింపాలి, పెరట్లోకి చేర్చాలి, కడగాలి, చీర మార్చాలి, మళ్లీ ఎక్కించాలి. రోజుకి నాలుగుసార్లు, ఒక్కోరోజు ఆరుసార్లు. మధ్యలో వంట, బొగ్గుల పొయ్యి, వీధి కుళాయి నీళ్లు. పరదేశి పాయింట్స్‌మన్. పట్టాలు మార్చే ఇనుప లివర్లు అవలీలగా లాగే మనిషి. కన్నతల్లి దగ్గరికొచ్చేసరికి మాత్రం, "ఆడమనిషి ఒంటిమీద నాను సెయ్యేత్తే బాగుంటాదేటి?" అనేవాడు. మరిది వెంకటస్వామి తిల్దా నుంచి వచ్చి, గుమ్మంలో నిలబడి కళ్లు తుడుచుకుని, "వదినా, నీది దేవుడిచ్చిన సెయ్యి" అని, భోంచేసి సాయంత్రం బండికి వెళ్లిపోయేవాడు. దేవుడు నాకొక్కదానికే ఇచ్చాడా, వీళ్లకిచ్చిన చేతులు ఏమైనట్టు అని ఎంగిలి కంచం తీస్తూ అనుకునేది వరహాలమ్మ. పక్కింటి దాలమ్మను సాయం పిలుద్దామంటే, "మంచంమీది ముసల్దాన్ని అందరికీ సూపించి నా పరువు తీస్తావా?" అని గుడ్లురిమాడు పరదేశి.

అన్నిటికన్నా వరహాలమ్మను కాల్చింది ఇంకొకటి. కోడలి అవస్థ చూసి ముసలావిడ నీళ్లు తాగడం తగ్గించేసింది. గ్లాసు అందిస్తే రెండు గుక్కలు తాగి తల తిప్పుకునేది. దాహం చంపుకుంటే కోడలికి ఒకసారి ఎత్తడం తప్పుతుందని!

ఆ చలికాలం ఒకనాటి ఉదయం, పరదేశి డ్యూటీకి వెళ్లాక, అత్తను లేపబోతుంటే వరహాలమ్మ నడుం కలుక్కుమంది. ఇద్దరూ నేలమీద పడ్డారు. ముసలావిడ పక్కకి ఒరిగి మాట రాక ఏడుస్తోంది. వరహాలమ్మ లేవబోయింది. ప్రాణం పోయినట్టయింది. పిలవడానికి నోరు తెరిచి, మొగుడి పరువు గుర్తొచ్చి మూసుకుంది. అంతలోనే తన మీద తనకే అసహ్యం వేసింది. అత్త నేలమీద పడి ఉంటే నేను కాపాడేది ఆయన పరువునా?

"దాలమ్మప్పా! రాయే! పడిపోనాం!" అని గొంతు చించుకుంది.

దాలమ్మ పరుగెత్తుకొచ్చింది. ఆమె వెనకే, వాకిట్లో కూరలు అమ్ముతున్న ఫూల్‌బాయి గంప దించి వచ్చింది.

"మోలా కాబర్ నఇ బలాయే, బహినీ?" నన్నెందుకు పిలవలేదని ఫూల్‌బాయి నిలదీసింది.

"రెండేళ్లబట్టి గోడవతల్నుంచి నీ మూలుగు ఇంతన్నాను. పిలిస్తే రానేటే?" అంది దాలమ్మ.

ఒకరు చంకల కింద, ఒకరు మోకాళ్ల కింద చేతులు వేశారు. "ఊఁ" అన్నారు. అంతే, అప్పలనరసమ్మ మంచం మీద ఉంది.

వరహాలమ్మ నేలమీంచే చూసింది. ఇంతేనా? రెండేళ్లుగా నా ఎముకలు అరగదీసిన పని ఇంత తేలికా? ముందు వచ్చింది కృతజ్ఞత కాదు, కోపం. అత్త బరువు కాదు ఇన్నాళ్లూ నేను మోసింది, ఆయన గొప్ప. తర్వాత దాలమ్మ నీళ్లిస్తే ముసలావిడ గ్లాసుడూ తాగి, ఇంకో గ్లాసు కావాలని ఎడమచేత్తో సైగ చేసింది. అప్పుడు ఏడ్చింది వరహాలమ్మ.

మధ్యాహ్నం పరదేశి వచ్చేసరికి ఆమె చాపమీద ఉంది, దాలమ్మ మంచం పక్కన కూర్చుని ఉంది. ఫూల్‌బాయి వేడి ఇటుక గుడ్డలో చుట్టి నడుముకి కాపడం పెడుతోంది.

"ఎవులు రమ్మన్నారు ఈలని?"

"నానే పిలిసినాను. రేపూ పిలుస్తాను."

"నా పరువు..."

"నీ పరువు మోసీ మోసీ నా నడుం ఇరిగింది. ఇంక మొయ్యను."

మంచం మీద ముసలావిడ పెరట్లోకి వెళ్లే అవసరమై మూలిగింది. దాలమ్మ లేచి తలవైపు నిలబడింది. ఫూల్‌బాయి కూడా లేవబోతుంటే వరహాలమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఆపింది.

"కాళ్లకాడ కొడుకు పట్టుకుంటాడు."

దాలమ్మ చేతులు చాచి ఎదురుచూస్తోంది. పరదేశి గుమ్మం వైపు చూసి, తల్లి వైపు చూసి, వంగి ఆమె మోకాళ్ల కింద చేతులు పెట్టాడు. లేపగానే ముఖం ఎర్రబడింది.

"అమ్మో, ఇంత బరువా!"

"అది సగమే" అంది వరహాలమ్మ.