చందమామ అద్దానికి చట్రం

అద్దం పగల్లేదు. పగిలినా బాగుండేది, అందరికీ కనపడేది.

గది మూలను కోసి తీసినట్టుండే గాజు దిమ్మ అది. మూలకు కొట్టిన బంతిలా, వెలుగు దాన్ని తాకి వచ్చిన దారినే వెనక్కి పోవాలి. దాన్ని చంద్రుడి మీద పెట్టి, ఇక్కడి నుంచి లేజర్ కొట్టి, తిరిగొచ్చే సమయాన్ని బట్టి దూరం కొలుస్తారు. పరీక్ష కోసం చలిగదిలో పెడితే చుట్టూ ఉన్న అల్యూమినియం వలయం ముడుచుకుపోయి గాజును నొక్కింది. కోణం కంటికి ఆననంత కదిలింది. వెలుగు చెదిరిపోయింది.

ఆ వలయం బొమ్మ గీసింది ఇంజనీరు హుమేరా. సోమవారం పొద్దుటికల్లా రిపోర్టు పంపాలి. ఆదివారం మార్కాపురంలో ఇంట్లో ఉండగా పైఅధికారి ఫోన్ చేశాడు.

"లేత్ మీద చేసిన సుందరరాజు కొలత తప్పాడని రాసెయ్యమ్మా. కాంట్రాక్టు మనిషే కదా, తీసేస్తే సరిపోతుంది. నీ డిజైన్ నిలబడుతుంది."

సుందరరాజు కొలత తప్పలేదు. గీసి ఇచ్చినట్టే చేశాడు. 'గాజు కదలకూడదు' అని బొమ్మ పక్కన రాసింది హుమేరానే. బడిపిల్లల రాతి పలకలకు చెక్క చట్రాలు బిగించే ఇంట్లో పుట్టిన పిల్ల. తండ్రి మొహిద్దీన్ బాషా బిగించిన ప్రతి పలకనూ చెవి దగ్గర ఊపేవాడు. చప్పుడైతే పక్కన పడేసేవాడు. ఫోన్ పెట్టేసి జరిగిందంతా ఆయనకు చెప్పింది హుమేరా.

"బిగువుగా ఉండాలని నువ్వే కదా అబ్బా నేర్పింది?"

"ఎండిన చెక్కకు చెప్పినా బేటీ." ముప్పై ఏళ్ల రాతిదుమ్ము ఆయన్ని మాటకోసారి ఆపుతుంది. "పచ్చి చెక్క ఎండేకొద్దీ దగ్గరికొస్తది. దానికి గాడి వదులు పెట్టాల. పలకకు ఊపిరాడాల."

"నీకే ఆడదు, పలకకు చెప్తాండావు," అంది తల్లి లాల్బీ, నీళ్లగ్లాసు అందిస్తూ.

తాగి, గ్లాసు కింద పెట్టాడు.

"ఒకసారి ఓనరు పచ్చి చెక్క ఇచ్చినాడు. వదులు పెడతానంటే, చప్పుడైతే ఎవురూ కొనరు, బిగించు అన్నాడు. లోడంతా పగిలింది. తప్పు బాషాది అని రాసినారు. మూడు నెలలు పనిలోకి రానీలేదు."

"నువ్వు చెప్పలేదా?"

"చెప్పినా. కాగితం ఆయన చేతిలో ఉండె."

హుమేరా లాప్‌టాప్ తెరిచింది. 'వలయం గీసిన ప్రకారమే తయారైంది. గీతలో తప్పు నాది. గాజుకూ వలయానికీ మధ్య సందు వదిలి, మూడు మెత్తని పట్టీల మీద కూర్చోబెట్టాలి.' కింద పేరు రాసి పంపింది.

"ఆ పిల్లోని పని ఉంటదా?" అడిగాడు తండ్రి.

"ఆయనది ఉంటది. నాది పోతదేమో."

పది నిమిషాలు కాకుండానే ఫోన్ మోగింది. పైఅధికారి. హుమేరా దాన్నే చూస్తూ కూర్చుంది.

"ఎత్తు," అన్నాడు మొహిద్దీన్ బాషా.

ఎత్తింది.