ఆరు కిలోల భయం

పొద్దున్నే పాలు కలపడం, పళ్ళు కోయడం, ఒక్కో కోతినీ కాటా ఎక్కించి బరువు రాయడం. జంతుశాలలో ఇరవై ఏళ్ళుగా పెద్దక్క పని ఇదే. ఈవేళ మాత్రం ఆవిడ చేతులు ఒకచోట నిలవడం లేదు. బుడ్డోడికి ఈవేళే ఆఖరి పరీక్ష మరి!

బుడ్డోడు మూడేళ్ళ కోతి. బరువు నాలుగు కిలోలు. ఇనుప తలుపు ధన్‌మని పడిందా, పది! పాలు తాగే వయసులో తల్లి పోతే, ఎవరో వాణ్ణి మూడు నెలలు రేకు పెట్టెలో పెట్టి మూత బిగించారు. ఆ భయమే వాడి ఒంట్లో బరువై కూర్చుంది. అక్కడ దీన్నెవరూ వింతనుకోరు, భయం బరువు రాయడానికి కాగితంలో వేరే గడే ఉంది. గొడవల్లా కొమ్మలతోనే. కిందటిసారి గుంపులో వదిలితే, తలుపు చప్పుడుకి కొమ్మ విరిగి దబ్బున పడ్డాడు. ఈసారీ బరువు పెరిగితే ఇక జన్మంతా ఒంటరి బోనే.

తీరా కాటా దగ్గరికొచ్చాక వాడు ఎక్కనంటే ఎక్కనన్నాడు. పెద్దక్క మెడ కరుచుకుపోయాడు.

"వాణ్ణెత్తుకుని నువ్వే ఎక్కెయ్ పెద్దక్కా. ముల్లు కదలకపోతే చాలు," అంది డాక్టరమ్మ.

పెద్దక్క ఒకడుగు వెనక్కేసింది. చిన్నప్పుడు పిన్ని తనని సామాన్ల గదిలోకి తోసి గడియ పెట్టేది. ఈనాటికీ ఆవిడ తలుపు బార్లా తీసుకునే అన్నం తింటుంది. తన గుట్టు బయటపడితే పడింది, తన భయం బరువు కూడా వాడి లెక్కలో రాసేస్తేనో?

"డాక్టరమ్మా, నాకూ తలుపు చప్పుడంటే..."

"తెలుసులేవమ్మా. నీ కింద రెండు కుర్చీలు విరిగాయిగా. ఎక్కు."

ఎక్కింది. ఇద్దరూ కలిసి అరవై. డాక్టరమ్మ తలుపు లాగి వదిలింది.

ధన్!

అరవై ఆరు. డెబ్బై. డెబ్బై మూడు! కాటా మూలిగింది. అంతా అయిపోయిందనుకుని పెద్దక్కకి ఏడుపొచ్చేసింది.

"నేనున్నా కదరా నాన్నా! తలుపు నేను తీస్తాగా!" అంది, వాడితోనో, ఆ గదిలో ఉండిపోయిన చిన్నపిల్లతోనో.

బుడ్డోడు తలెత్తి చూశాడు. మెల్లిగా చెయ్యి చాపి, తల్లికోతి చూసినట్టే, ఆవిడ జుట్టు విడదీసి పేలు చూడటం మొదలెట్టాడు. ముల్లు వణికింది. డెబ్బై. అరవై నాలుగు. అరవై!

"దిగిందోయ్!" డాక్టరమ్మ చిన్నపిల్లలా ఎగిరింది.

"మళ్ళీ వెయ్యండి తలుపు! గట్టిగా వెయ్యండి!" అరిచింది పెద్దక్క.

ధన్! అరవై. ధన్! అరవయ్యే!

మధ్యాహ్నానికల్లా బుడ్డోడు గుంపులో ఉన్నాడు. చిటారు కొమ్మ పట్టుకుని ఊగుతుంటే కొమ్మ వంగింది, విరగలేదు. కళ్ళారా చూసుకుని పెద్దక్క క్యారేజీ పట్టుకుని గదిలోకి వెళ్ళింది. కూర్చోబోయి ఆగి, వెనక్కొచ్చి తలుపు తనే వేసుకుంది. కుర్చీ కిర్రుమనలేదు.