ఏడో ఇల్లు

"బ్రాన్విన్ భోజనానికొస్తోంది. కర్రపెండలం మెత్తగా తురుము, పీచు తగిలిందంటే నా పరువు పోతుంది" అన్నాడు అల్బన్ పొద్దున్నే. నా మొగుడి పరువు ఎప్పుడూ నా చేతి పనిలోనే ఉంటుంది. తురుముతూనే ఉన్నాను.

సోలమన్ దీవుల్లోని మా మలైటా పల్లెల్లో మగవాళ్ళకి పెళ్ళాన్ని కొట్టకూడదని నేర్పే పథకం ఒకటుంది. నాలుగేళ్ళుగా డబ్బు ఆస్ట్రేలియా సర్కారుది, పాఠం చెప్పే మాస్టారు మా ఆయన. ఆ డబ్బుకి ఫలితం ఉందో లేదో తేల్చడానికి బ్రాన్విన్ కాన్‌బెర్రా నుంచి వచ్చింది. ఆమె కింద ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలడిగే ఆడవాళ్ళలో నేనొకదాన్ని. తిరిగొచ్చాక నీళ్ళూ కట్టెలూ పొయ్యీ మామూలే. ప్రతి ఏడో ఇంట్లో అడగాలి. నిన్న ఆ వరస మా ఇంటి మీదికొచ్చింది. "నీ ఇల్లు నువ్వే రాసుకోకూడదు నెస్టా, నేనొచ్చి అడుగుతాలే" అంది బ్రాన్విన్. అల్బన్‌కి ఆ సంగతి చెప్పలేదు.

"కన్యాశుల్కం కింద గవ్వల దండలు పదిచ్చి తెచ్చుకున్నాం నిన్ను, ఊరికే రాలేదు" అంటుంది అత్త, నేను చెంప పట్టుకుని కూర్చుంటే. "ఈ మాట బయటికి పొక్కిందా, నా ఉద్యోగం పోతుంది. పిల్లల ఫీజులు మీ నాన్న కడతాడా?" అంటాడు ఈయన. చెంపకి తగలడం కూడా కోపం హద్దు దాటినప్పుడే. మామూలుగా చొక్కా కప్పేచోటే కొడతాడు, పాఠాలు చెప్పే మనిషి కదా. ఇన్ని ఇళ్ళు తిరిగానా, అందరూ "లేదమ్మా, కొట్టడు" అన్నవాళ్ళే. అడిగేది మాస్టారి పెళ్ళామైతే ఇంకేం చెబుతారు? ఒకావిడ మోచేతికి కట్టుంది. నేల చూస్తూ "లేదు" అంది. నేనూ నేల చూస్తూనే టిక్కు పెట్టాను. ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

భోజనాలయ్యాక బ్రాన్విన్ నన్ను వంటపాక వెనక్కి తీసుకెళ్ళి కాగితాలు తీసింది. "గడిచిన పన్నెండు నెలల్లో నీ భర్త నిన్ను కొట్టాడా?" నేను నలభైమందిని అడిగిన ప్రశ్నే. ఇవాళ జవాబు చెప్పాల్సింది నేను.

"ఏంటి, ఆడవాళ్ళిద్దరూ గుసగుసలు?" కొబ్బరిబోండాలు పట్టుకుని నవ్వుతూ వచ్చాడు అల్బన్.

బ్రాన్విన్ చప్పున కాగితం తిప్పేసింది. "వారానికి ఎన్నిసార్లు చేపలు వండుతావు నెస్టా?"

మాకు నేర్పింది అదే. మగవాడు దగ్గరికొస్తే తిండి ప్రశ్నల్లోకి దిగిపోవాలి, ఆడమనిషి క్షేమం కోసం. కొత్తగా చేరిన అమ్మాయిలకి ఆ సంగతి వల్లె వేయించింది నేనే.

"చెప్పవే, మనింట్లో చేపలకేం తక్కువ?" అన్నాడు.

మూడుసార్లు అంటే చాలు, అందరం బతికిపోతాం. కాన్‌బెర్రాలో పథకం భేష్ అని రాసుకుంటారు. ఇంకో నాలుగేళ్ళు ఈయన పాఠం చెబుతాడు, ఇంకో నాలుగేళ్ళు నేను పొడుగు చేతుల చొక్కాలు కుట్టుకుంటాను. రాత్రికి ఏమవుతుందో, ఎక్కడ పడుకుంటానో తెలీదు. ఇంత భయం నాకు ఎప్పుడూ వేయలేదు.

"కాగితం వెనక్కి తిప్పండి" అన్నాను. "ఇందాకటి ప్రశ్నే అడగండి. ఆయన్ని కూడా విననివ్వండి."