మీ ఇష్టం, వదినగారూ

లిఫ్టు తలుపు మళ్ళీ మూసుకుంది. లోపల ఎవరూ లేరు. బయట ఇద్దరు వియ్యపురాళ్ళు ఒకరికొకరు చేత్తో దారి చూపిస్తూ నిలబడి ఉన్నారు.

"మీరెక్కండి వదినగారూ," అంది కండక్టరమ్మ.

"మీరుండగా నేను ముందెక్కడమేమిటి? మీరే పదండి," అంది లెక్కల టీచరు.

లిఫ్టు ఇంకోసారి వచ్చింది, తలుపు తీసింది, కాసేపు చూసింది, విసుగొచ్చి పైకి పోయింది. చివరికి ఇద్దరూ మెట్ల దారి పట్టారు. అక్కడ మాత్రం ఎవరు ముందు? మెట్లు ఇరుకైనా సరే పక్కపక్కనే దిగారు. చెరొక భుజమూ చెరొక గోడకు రాసుకుపోయింది. కింద కౌంటరు దగ్గరున్న హోటల్ మేనేజరు, ఇద్దరి భుజాల మీదా సున్నం చూసి రిజిస్టరులో తల దూర్చాడు. మూడు రోజులుగా వీళ్ళను చూస్తూనే ఉన్నాడు పాపం.

వీళ్ళలో కండక్టరమ్మ ఆడపిల్ల తల్లి, లెక్కల టీచరు మగపిల్లాడి తల్లి. పెళ్ళయి ఏడాది దాటింది. కండక్టరమ్మ ఉద్యోగమంతా సిటీ బస్సులోనే గడిచింది. ఆమె ఒక్క కేక వేస్తే ఫుట్‌బోర్డు మీద వేలాడేవాళ్ళు బుద్ధిగా లోపలికొచ్చేవారు, కిటికీ సీటు కోసం కొట్టుకునేవాళ్ళు చప్పుడు చేయకుండా సర్దుకునేవారు. అలాంటి మనిషి వియ్యపురాలి ఎదుట పడగానే నోట్లో నాలుక లేనట్టయిపోతుంది. తన నోటి దురుసు వల్ల కూతురి కాపురంలో ఎక్కడ పొరపొచ్చాలొస్తాయోనని ఆమె భయం. అవతల టీచరుకేమో, తను కాస్త గొంతు పెంచితే మగపెళ్ళివారి దర్పం చూపిస్తోందని ఎక్కడ అనుకుంటారోనని భయం. ఇద్దరి భయాలూ కలిసి ఇంటిల్లిపాది ప్రాణం తీస్తున్నాయి.

ఈమధ్య పిల్లల కొత్త ఇంటికి ఇద్దరూ ఒకేసారి చుట్టపుచూపుగా వెళ్ళినప్పుడు సంగతి బయటపడింది. భోజనానికి పిలిస్తే మీరు కూర్చోండంటే మీరు కూర్చోండని నిలబడ్డారు, అన్నం చల్లారిపోయింది. స్నానానికి మీరు వెళ్ళండంటే మీరు వెళ్ళండన్నారు, నీళ్ళు కాగి కాగి సగమయ్యాయి. అల్లుడు ఆఫీసుకు పోవడానికి చెప్పులు వేసుకుంటుంటే ఇద్దరూ గుమ్మానికి చెరో పక్కా నిలబడి దారి ఇచ్చుకుంటున్నారు. మధ్యలో అతను ఇరుక్కుపోయాడు.

ఆ సాయంత్రమే కూతురు ఇద్దరినీ కూర్చోబెట్టి కుండబద్దలు కొట్టింది. ఇంట్లో ఒక గది ఖాళీగా ఉంది, రెండు మంచాలు పడతాయి, ఇద్దరమ్మలనూ తెచ్చిపెట్టుకోవాలని తనకూ తన భర్తకూ ఎంతో ఆశ. కానీ ఈ మర్యాదలతో మాత్రం కాదు. "మూడు రోజులు ఎక్కడికైనా వెళ్ళి రండి. ఒక్కసారైనా ఒకరితో ఒకరు కాదూ కూడదూ అని చెప్పుకుని రండి. అది కూడా చేతకాకపోతే ఎవరింట్లో వాళ్ళుండండి, ఆ గదిలో పాత సామాన్లు పడేసుకుంటాను." అత్తయ్య వైపు కూడా చూసే అంది, వెనకాడలేదు.

ఆ మాటతో కండక్టరమ్మ గుండెల్లో రాయి పడింది. రిటైరయినప్పటి నుంచి ఆమె ఇంట్లో చప్పుడన్నదే లేదు. ఒకప్పుడు రోజూ ఎన్ని గొంతులు, ఎన్ని గొడవలు, ఎంతమందితో వాదనలు! ఇప్పుడు టీవీలో వార్తలు చదివేవాడితో వాదిస్తే వాడు బదులివ్వడు. పక్కింటివాళ్ళు మంచివాళ్ళు, అన్నిటికీ తలాడిస్తారు. ఆమెకు మనుషులు కావాలి. ఎదురుచెప్పే మనుషులు కావాలి. ఆ గది కావాలని ఆమె దేవుడికి మొక్కుకోలేదు గానీ, రాత్రి దిండు మీద తల పెట్టాక ఆ రెండు మంచాలే కళ్ళముందు కదిలేవి.

తీరా చూస్తే ఇవాళ మూడో రోజు. ఇప్పటివరకూ ఒక్క "కాదు" కూడా పుట్టలేదు. ఎక్కడికి వెళ్దామని మేనేజరు అడిగితే, మీ ఇష్టం వదినగారూ అంటే మీ ఇష్టం వదినగారూ అన్నారు. అతను కొండమీద గుడి చూపించాడు, మీ ఇష్టమన్నారు. స్పా చూపించాడు, మీ ఇష్టమన్నారు. అతనికి తల ప్రాణం తోకకొచ్చి, రెండూ కలిపిన ప్యాకేజీకి ఇద్దరి పేర్లూ రాసేశాడు. ముందు స్పా, ఆ తర్వాత పక్కనే ఉన్న కొండెక్కి సూర్యాస్తమయం వేళకు గుడి. పొద్దు గుంకేముందు ఎండ తిన్నగా గుడి లోపలికి పడుతుందనీ, అది చూశాక తలుపులు వేసేస్తారనీ, ఆలస్యం చేస్తే ఏమీ దక్కదనీ మరీ మరీ చెప్పాడు.

స్పాలో ఒక గది, రెండు బల్లలు, వెచ్చబెట్టిన నూనె గిన్నె, ఎక్కడి నుంచో సన్నగా వేణువు. ఉన్నది మాత్రం మసాజు చేసే ఆవిడ ఒక్కర్తే. రెండో ఆవిడ సెలవు పెట్టిందట. ఆవిడ ఇద్దరికీ తెల్లటి గౌన్లు తొడిగి, మొహాలకు పచ్చటి మట్టి మెత్తి, అది ఆరేలోపు ఒకరికి మసాజు చేస్తానంది. ఎవరు ముందు అని కూడా అడిగింది. తెలియక అడిగింది.

ఇక మొదలు. మీకు కాళ్ళ నొప్పులు, బస్సులో నిలబడి నిలబడి అరిగిపోయాయి, మీరే ముందన్నది టీచరు. మీవి మాత్రం, బోర్డు ముందు నిలబడ్డ కాళ్ళు కావా, మీరే ముందన్నది కండక్టరమ్మ. వాదనలో ఆవేశం లేదు, అంతా తేనె పూసిన మాటలే. మసాజావిడ కాసేపు ఇటూ అటూ చూసి, స్టూలు మీద కూర్చుని బత్తాయి వొలుచుకుంది. తొనలన్నీ తినేసింది. నూనె చల్లారితే మళ్ళీ వెచ్చబెట్టింది. కిటికీలో ఎండ గోడ మీద నుంచి నేల మీదికి దిగుతోంది.

ఆఖరికి కండక్టరమ్మే ఓడింది, అంటే బల్లెక్కింది. ఎక్కాక గుర్తొచ్చింది అసలు సంగతి. ఆమెకు చక్కిలిగింతలు. మామూలు చక్కిలిగింతలు కావు. పెళ్ళినాడు పారాణి పెట్టబోయిన ముత్తయిదువను తన్నబోయి ఆగిన మనిషి ఆమె. ఉద్యోగం చేసినన్నాళ్ళూ బస్సులో మోచేతులు అడ్డం పెట్టుకునే తిరిగింది. అందరూ అది కోపం అనుకున్నారు. ఈ మాట చెప్పి దిగిపోవచ్చు. కానీ ఎలా చెబుతుంది? వదినగారు అంత ప్రేమగా పడుకోమన్నారాయె.

మసాజావిడ అరికాలు పట్టుకుంది.

కండక్టరమ్మ పళ్ళు బిగించింది. పెదవులు బిగించింది. మొహం మీద మట్టి పగుళ్ళిచ్చింది. రెండో వేలు తగిలేసరికి లోపలి నుంచి ఒక కేక తన్నుకొచ్చింది, దాంతోపాటే కాలూ తన్నుకొచ్చింది. నూనె గిన్నె గాల్లోకి లేచి, పైకప్పు చూసి, తిన్నగా లెక్కల టీచరు నెత్తిన బోర్లాపడింది.

వేణువు మాత్రం ఆగలేదు.

టీచరు కదల్లేదు. జుట్టు నుంచి నూనె ధారగా దిగి పచ్చటి మట్టిలో కాలవలు తవ్వింది. ఆ మొహం చూసి కండక్టరమ్మకు ప్రాణం పోయినంత పనైంది. క్షమించమని అడగబోయింది. నోరు తెరిస్తే నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగదే. పొట్ట పట్టుకుని, బల్ల మీద దొర్లి, కళ్ళ నీళ్ళు కారేలా నవ్వింది. కూతురి కాపురం, ఖాళీ గది, రెండు మంచాలు అన్నీ ఈ నవ్వులో కొట్టుకుపోతున్నాయని తెలుస్తూనే ఉంది, అయినా నవ్వుతూనే ఉంది.

"చక్కిలిగింతలున్నాయని ముందే చెప్పి ఏడవొచ్చుగా?" అంది టీచరు.

గదిలో ఎవరో కొత్త మనిషి వచ్చిందేమోనని కండక్టరమ్మ తలెత్తి చూసింది.

"మూడు రోజులుగా ఆ బల్ల మీద పడుకోవాలని నేను చచ్చిపోతున్నాను. నడుం విరిగిపోతోంది నాకు. మీకోసమని మొహమాటపడితే మీరు దాన్ని తన్ని తగలేశారు."

"మీరు నోరు తెరిచి అడగొచ్చుగా?" కండక్టరమ్మ లేచి కూర్చుంది. "నాకేం కలొచ్చిందా? ఈ నూనె పూతలంటే నాకు ఒళ్ళు మంట. నేను గుడి కోసం వచ్చాను. ఆ ఎండ చూద్దామని వచ్చాను. మీరు మీ ఇష్టం మీ ఇష్టం అంటుంటే నేనేమని చావను?"

అక్కడి నుంచి ఏడాది సరుకు బయటికొచ్చింది. గుక్క తిప్పుకోకుండా ఇద్దరూ తిట్టుకున్నారు. టీచరు కాఫీలో వేసే మూడు చెంచాల పంచదార తనకు విషంతో సమానమని కండక్టరమ్మ చెప్పింది. కండక్టరమ్మ పెట్టిన ముదురాకుపచ్చ చీర పెట్టె అడుగునే ఉందనీ, ఆ రంగు తన పగవాళ్ళకు కూడా వద్దనీ టీచరు చెప్పింది. గురక సంగతి వచ్చింది. రెండు వైపుల నుంచీ వచ్చింది. మసాజావిడ గోడకు ఆనుకుని, బత్తాయి ఎందుకు ముందే తినేశానా అన్నట్టు చూస్తోంది.

అప్పుడు కొండమీద గంట మోగింది.

కండక్టరమ్మ కిటికీలోంచి చూసింది. సూర్యుడు కొండ భుజం మీదికి వచ్చేశాడు. ఆమె మొహంలో కళ తప్పడం టీచరు చూసింది.

"పదండి," అంది టీచరు.

"ఇలాగా? ఈ అవతారంతోనా?"

"దేవుడు మనల్ని పుట్టినప్పుడే చూశాడు. పదండి, పరిగెత్తండి."

పరిగెత్తారు. తెల్ల గౌన్లు, పచ్చ మొహాలు, ఒకరి నెత్తిన నూనె, ఒకరి కంట నీళ్ళు. హోటలు ముందు కారు దిగుతున్న పెద్దమనిషి మళ్ళీ కార్లో కూర్చున్నాడు. కొండ మెట్ల నిండా దిగొచ్చే జనం, ఎక్కే జనం. అప్పుడు కండక్టరమ్మ ఊపిరి పీల్చి, రిటైరయ్యాక మొదటిసారి తన గొంతు తను బయటికి తీసింది. "జరగండి, జరగండి, పక్కకి జరగండి, మధ్యలో నిలబడొద్దు." జనం రెండుగా చీలిపోయారు. ఎవరో వెనకనుంచి చేతులెత్తి దండం కూడా పెట్టారు. ఆమెకు ఒళ్ళంతా తేలిపోయింది. వెనకాల టీచరు ఒగరుస్తూ నవ్వుతోంది, నవ్వుతూ ఒగరుస్తోంది.

సగం కొండ దగ్గర టీచరు మోకాళ్ళు మొరాయించాయి. మెట్టు మీద చతికిలబడిపోయింది. పైన గుడి తలుపు కనిపిస్తోంది. ఎర్రటి ఎండ గడప దాకా వచ్చింది.

"నువ్వు పో," అంది టీచరు. "మర్యాదకు అనడం లేదు. నిజంగానే పో. నీకు చూడాలనుంది."

కండక్టరమ్మ పైకి చూసింది. రెండు మెట్లు ఎక్కింది కూడా. ఆగింది. చూడాలనే ఉంది, అబద్ధమెందుకు. కానీ పైకెళ్ళి ఒక్కర్తే ఏం చేస్తుంది? అది చూశాక పక్కకు తిరిగితే చెప్పుకోవడానికి ఎవరుంటారు? మళ్ళీ ఆ టీవీయేనా? ఆమె వెనక్కొచ్చి టీచరు పక్కన కూలబడింది.

"పోను," అంది. "నువ్వు పొమ్మన్నా పోను. నాకు ఇక్కడే కూర్చోవాలనుంది, నీ పక్కన. ఒక్కర్తినీ ఉండి ఉండి విసుగెత్తిపోయానే."

టీచరు నూనె చేత్తోనే ఆమె చెయ్యి పట్టుకుంది. పట్టు జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది. జారిపోయింది. దానికే ఇద్దరూ పగలబడి నవ్వారు. గుడి లోపల వెలుగు ఎలా ఉందో తెలియలేదు గానీ, మెట్ల మీద వెలుగు మాత్రం ఇద్దరి మొహాల మీదా పడింది, పచ్చ మట్టి బంగారంలా మెరిసింది.

తలుపులు వేసి దిగొస్తున్న పూజారి వాళ్ళను చూసి రెండు మెట్లు పైనే ఆగిపోయాడు. ఏమైందమ్మా, ఎవరికైనా కబురు చేయాలా అని అడిగాడు.

"ఏం లేదండీ," అంది టీచరు. "పోట్లాడుకుంటున్నాం."

ఆయన గోడ పక్కగా దిగి వెళ్ళిపోయాడు.

కండక్టరమ్మ గౌను జేబులోంచి ఫోను తీసి కూతురికి కలిపింది. చెప్పాల్సినదంతా వరసగా చెబుదామనుకుంది. కూతురు ఎత్తి హలో అనేలోపే ఆమె నోట్లోంచి వేరే మాట వచ్చింది.

"ఇదుగో చూడు, ఆ గదిలో కిటికీ పక్క మంచం నాది."

"కుదరదు," అంది పక్కనుంచి టీచరు. "కిటికీ పక్కన నేను పడుకుంటాను. నాకు గాలి కావాలి."

"నీకు గాలెందుకు? నాకు రోడ్డు కనబడాలి, బస్సులు కనబడాలి."

"రోడ్డు కావాలంటే వీధిలో పడుకో."

"నేనొప్పుకోను."

"ఒప్పుకోమని ఎవరడిగారు నిన్ను?"

ఆ మాట వినేసరికి కండక్టరమ్మకు ఎంత సంతోషమేసిందంటే, బదులు చెప్పడం కూడా మరిచిపోయింది. అవతల కూతురు ఫోను పక్కకు పెట్టి పరిగెత్తుతూ మొగుణ్ణి పిలవడం ఇద్దరికీ వినిపించింది.

"ఏమండీ, త్వరగా రండి, కొట్టుకుంటున్నారు! మంచాలు ఇవాళే తెచ్చేద్దాం."