మావగారి సెట్టరు, కోడలి టెస్టు

పెద్ద జబ్బు చేసి లేచాక మావగారు రాసిన మొదటి కోడు అది. ఒకప్పుడు ఆయన కోపానికి ఆఫీసులో కుర్రాళ్లు హడలెత్తిపోయేవారు. ఆస్పత్రి నుంచి వచ్చాక మాత్రం పిల్లి మీద కూడా గొంతెత్తలేదు. తలుపేసుకుని కూర్చుని, దీపాలు తయారుచేసే ఒక కంపెనీ కోసం జావాస్క్రిప్టులో ఆ దీపాల్ని నడిపే చిన్న క్లాస్ లైబ్రరీ రాసి, ఇంట్లో అదే పని చేసుకునే కోడలి చేతిలో పెట్టారు.

"దీనికి యూనిట్ టెస్టులు నువ్వే రాయమ్మా, ఒక్కో ముక్కనీ విడిగా పరీక్షించేలా. నా బుర్ర పనిచేస్తోందో లేదో తేలిపోవాలి. పనికిరాదంటే చెప్పెయ్, మళ్లీ దీని జోలికి రాను" అన్నారు.

అదుగో, ఆ చివరి మాటే కోడలి గుండెల మీద బండై కూర్చుంది.

లైబ్రరీలో ప్రతి దీపానికీ వెలుతురు అని ఒక ప్రాపర్టీ ఉంది. అందులో విలువ పెట్టేది సెట్టరు, అడిగితే తీసిచ్చేది గెట్టరు. మనం సున్నా నుంచి నూరు దాకా చెబుతాం. దీపం లెక్క మాత్రం రెండువందల యాభై అయిదు దాకా పోతుంది. సెట్టరు మన లెక్కని దీపం లెక్కలోకి మార్చాలి, గెట్టరు వెనక్కి మార్చి చెప్పాలి. కోడలు యాభై పెట్టి అడిగితే యాభై వచ్చింది, నూరు పెట్టి అడిగితే నూరు వచ్చింది. టెస్టు నెగ్గితే ఆకుపచ్చ, తప్పితే ఎరుపు; తెరంతా పచ్చగా కళకళలాడింది. ఆ సంబరంలో కంపెనీవాళ్లు పంపిన అసలు దీపాన్ని తగిలించి నూరు పెట్టింది. ఏముంది! గుడ్డిదీపంలా మిణుకుమిణుకుమంది.

కోడు తీసి చదివితే సంగతి తెలిసింది. సెట్టర్లో గుణించాల్సిన చోట మావగారు భాగించారు. గెట్టర్లో భాగించాల్సిన చోట గుణించారు. ఒక తప్పుని ఇంకో తప్పు కడుపులో పెట్టుకుని కాచుకుంటోంది. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, కోడలూ తక్కువ తినలేదు. పెట్టినదే తిరిగి అడిగి మురిసిపోయింది గానీ, దీపం దాకా ఏం వెళ్తోందో చూసిన పాపాన పోలేదు.

"గుట్టుగా నువ్వే సరిచేసెయ్. నాన్నకి చెప్పావంటే మళ్లీ మంచమెక్కుతారు" అన్నాడు భర్త.

అలాగే చేసింది. దీపానికి చేరే విలువని చూసే టెస్టు కూడా కలిపింది. అంతా పచ్చబడ్డాక వెళ్లి, "ఒక్క తప్పు లేదు మావయ్యా!" అంది.

ఆయన ముఖం విప్పారుతుందనుకుంది. పాపం, ఉన్న కళ కూడా పోయింది.

"నువ్వూ అంతేనన్నమాట. ఒక్క తప్పయినా లేని కోడు ఎక్కడైనా ఉంటుందా?" అన్నారు. "ఈ ఇంట్లో నేనేదంటే అదే తిరిగి నాకు చెబుతున్నారు. నిన్న కాఫీలో చక్కెర అనుకుని ఉప్పేసి ఇచ్చాను. మీ అత్తయ్య గుటకలేసి తాగి, బ్రహ్మాండం అంది. నేనెంత పాడైపోయానో నాకెవరు చెబుతారమ్మా?"

కోడలికి చెంప చెళ్లుమన్నట్టయింది. తనకి పని నేర్పిన మనిషి ఈయన. అందరూ కలిసి ప్రేమతోనే ఆయన్ని ఒంటరిని చేశారు.

"అబద్ధం చెప్పాను, రండి" అంటూ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. తన దిద్దుబాటు తీసేసి, టెస్టులు మళ్లీ నడిపింది. తెర ఎర్రబడింది.

మావగారు తెర మీదికి వంగారు. వేలు తెర మీద ఒక్కో వరుసా దిగుతూ వచ్చి ఆగింది.

"గుణకారానికి భాగహారమా! నా బుర్ర తగలెయ్య!"

ఆయనే దిద్దారు. పచ్చబడింది. ఇప్పుడు వెళ్లిపోతారేమోనని కోడలు భయపడింది. ఆయన కదల్లేదు. కోడలి టెస్టులు చదవడం మొదలుపెట్టారు. కొత్త దీపం ఆరిపోయి ఉండాలనే మొదటి టెస్టుని తీసి అన్నిటి కిందా పెట్టి నడిపారు. పై టెస్టులు వెలిగించిన దీపం ఇంకా వెలుగుతూనే ఉంది, ఎర్రగా వచ్చింది.

"ఏమిటిది? ఒకే దీపాన్ని పుట్టించి అన్ని టెస్టులకీ అదే వాడతావా? ఎంగిలి గ్లాసు కడక్కుండా ఇంటిల్లిపాదికీ నీళ్లు పోస్తావా? ఎవరు నేర్పారు నీకీ పని?"

"మీరే మావయ్యా!"

"నోరు మూసుకో! జరుగు, ఆ కుర్చీ ఇలా తే!"

వీధి చివరికి వినిపించేలా ఉంది గొంతు. అత్తగారు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చారు.

"ఏమైందే? ఎందుకా అరుపులు?"

"తిడుతున్నారత్తయ్యా!" అంది కోడలు. కళ్లు ధారలు కడుతున్నా నవ్వు ఆగడం లేదు. "నన్ను తిడుతున్నారు!"

అత్తగారు గుమ్మంలోనే చతికిలబడిపోయారు.

"తిట్టనీవే తల్లీ, తిట్టనీ" అన్నారు.