గాలిబాయి మీద దీపం

నేను ఒక దీపాన్ని. అయితే వెలుతురిచ్చే ఉద్యోగం కాదు నాది. బొగ్గుబాయిలో మండే గ్యాసును పసిగట్టడం నా పని. దానికి రంగుండదు, వాసనుండదు. అది దగ్గరికొస్తే నా మంట మీద నీలం టోపీ లేస్తుంది, అంతే. అప్పుడు ఎంతటి మొనగాడైనా నోరు మూసుకొని వెనక్కి నడవాలి. నా మంట గాజులోనే, ఇనుప వల లోపలే ఉండాలి. గ్యాసున్న చోట ఎవడైనా నా తాళం తీశాడంటే తనతోపాటు అందర్నీ చంపినట్టే.

ఈ మనుషులున్నారే, భలే చిత్రమైనవాళ్ళు! నెత్తిమీద సూర్యుణ్ణి పెట్టుకొని కట్టెలు కాల్చారు. అవి చాలక పాతాళానికి దిగి బొగ్గు తవ్వారు. దేశంలో బల్బులన్నీ దానితోనే వెలిగాయని గొప్పలు పోయారు. బాయిలో గ్యాసు తనిఖీ చేసే సర్దార్ పోశం నన్ను పట్టుకొని అందరికంటే ముందు పనిచోటికి వెళ్ళేవాడు. నన్ను చూసి "మంట మంచిగున్నది" అంటేనే మిగతావాళ్ళు అడుగు వేసేవాళ్ళు. ఆ మాట ఒక్కసారీ తప్పు కాలేదు. ఆ చీకట్లో గ్యాసు వచ్చి నా గాజును తడుముతుండేది. ఆ తాకిడి నాకు బాగా తెలుసు.

బొగ్గు తరిగింది, బాయి మూశారు. ఆ నేల మీదే సోలార్ పలకలు పరిచారు. లోపలికి గాలి ఆడటానికి తవ్విన పాత గాలిబాయి నోటికి స్లాబు వేసి, దాని మీద ఆఫీసు గది కట్టారు. పోశం మనవరాలు శిరీషే అక్కడ ఇంజనీరు. ప్రారంభోత్సవానికి నా తాళం తీసి, నా మంటతో జ్యోతి వెలిగించి, ఆ తరవాత స్విచ్చి వేయాలని ముచ్చటపడ్డారు. వాకిట్లో నన్ను వెలిగించి, పోశం చేతికిచ్చి గదిలోకి తెచ్చారు. గాలికి ఆరిపోతానని తలుపులూ కిటికీలూ మూశారు.

ఆ పాత తాకిడి! పట్టపగలు, భూమికి పైన! నా మంట నీలంగా సాగింది.

"పెద్దాయనా, ఆ మాట మీరే అనాలి," అన్నాడు ఆఫీసరు.

పోశం నన్ను కళ్ళ దగ్గరికి ఎత్తాడు. ఆ కళ్ళకు పొర కమ్మేసింది. చెబితే నన్ను పట్టుకోనివ్వరని ఇంట్లో కూడా చెప్పలేదు మొండివాడు.

"మంట మంచిగున్నది," అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అయ్యో, ఎవరికి చెప్పను? నాకు నోరు లేదే! శిరీష వేళ్ళు నా తాళం మీద పడ్డాయి. ఎందుకో ఆగాయి.

"తాతా, మంట గింత నీలంగున్నదేంది?"

ఇంతమంది ముందు ఇన్నేళ్ళ పరువు! అయినా పోశం శిరీష చేతిని తాళం మీంచి తీసేశాడు.

"తియ్యకు బిడ్డా! నాకు కండ్లు కనబడ్తలేవు. చూడకుంటనే చెప్పిన. తలుపులు తెరువుండ్రి, స్విచ్చి ముట్టకుండ్రి, అందరు బయటికి నడువుండ్రి!"

అందరూ వెళ్ళాక, గ్యాసు పైకి తేలుతుందని నన్ను మెల్లగా నేలబారుకు దించుకొని ఆఖరున తాను వచ్చాడు.

స్లాబులో గ్యాసు ఎక్కివచ్చే పగులు కనిపిస్తే సిమెంటు పూసి, పని అయిపోయిందన్నారు. పోశం ఆ ఏడే పోయాడు. నన్ను తుడిచి, నూనె వంపేసి, అదే గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. వచ్చినవాళ్ళు నా పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. ఏసీ చల్లదనం పోతుందని కిటికీలు తెరవరు. శిరీష రోజూ వచ్చి నా ఎదురుగా కూర్చొని పని చేసుకుంటుంది.

కొన్నాళ్ళుగా నా గాజును మళ్ళీ ఏదో తడుముతోంది. శిరీష తలెత్తి అప్పుడప్పుడూ నా వైపు చూస్తుంది. నాలో నూనె లేదు.